చేతికందే రొక్కము, రేపటి లెక్క

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో బడి కీర్తిని, ఇక్కడ చదివి పైకి వచ్చినవారి ఘనతను స్మరించడం ఆనవాయితీ. ఆ పని చేయదగినవారు ఈ సంచికలోనే పలువురు ఉన్నారు. ఈ ప్రసంగానికి ఎంచుకున్న విషయం వేరు. అది డబ్బు. సరస్వతీ మందిరంలో లక్ష్మి ప్రస్తావన ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. కానీ హాజరు పట్టీ రాస్తూ తల నెరసిన ఏ ఉపాధ్యాయునికైనా ఒక సంగతి తెలుసు. బడిలోని హాజరు పట్టీ, ఇంటిలోని అప్పు పద్దు ఒకే పుస్తకంలోని రెండు పుటలు. ఒక పుట మీద సిరా ఒలికితే రెండవ పుటలోనూ మరక కనబడుతుంది.

పావగడ తాలూకా పటం చూసినవారికి దాని వింత తెలుసు. కర్ణాటక రాష్ట్రం, తుమకూరు జిల్లా. ఐనా మూడు వైపులా ఆంధ్ర సీమయే చుట్టుకొని ఉన్నది. కచేరీ కాగితం కన్నడం, ఇంటి మాట తెలుగు. పిల్లనిచ్చేదీ, పిల్లను తెచ్చుకొనేదీ మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం వైపు. నాగలమడక మీదుగా ఉత్తర పినాకిని పోతుంది. పేరుకు నది, ఏడాదిలో అధిక దినాలు ఇసుక. బోరు వేస్తే నీళ్లు పడటం ఒక అదృష్టం, పడిన నీళ్లలో ఫ్లోరైడు లేకపోవడం మరొక అదృష్టం. కరవు తాలూకాల జాబితా వెలువడినప్పుడు పావగడ పేరు ఉన్నదా అని ఎవరూ వెదకరు, లేకపోతేనే ఆశ్చర్యం. ఇటువంటి నేలలో తాత తండ్రుల నాటి నుంచి మెట్ట సేద్యానికి ఆధారం శెనక్కాయ.

జూన్ నెల ఈ సీమలో ఇంటింటికీ పరీక్షా కాలం. తొలకరి పడుతుందో లేదో తెలియదు, ఐనా విత్తనం సిద్ధంగా ఉండాలి. విత్తనపు కాయ కొనాలి, దుక్కికి ట్రాక్టరు బాడుగ ఇవ్వాలి, ఎరువు తేవాలి. సరిగ్గా ఆ నెలలోనే బడి తెరుస్తారు. నోటు పుస్తకాలు, చెప్పులు, బస్సు పాసు, పై తరగతికి పోయే పిల్లకు చేరిక రుసుము. ఉన్న ఐదు వేలు ఒక్కటే, అడిగే చేతులు రెండు. పొలం అడిగినది కాదంటే ఆ ఏడు తిండి లేదు. బడి అడిగినది కాదంటే ఆ రోజుకు ఏమీ మునిగినట్లు కనబడదు. కనుక ఓడిపోయేది ఎప్పుడూ బడియే. వాన తప్పిన ఏడు దీపావళి దాటగానే కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దలు బెంగళూరులో కట్టడం పనికి, వారి వెంట చంటిబిడ్డను చూసుకోవడానికి ఏడవ తరగతి పిల్ల. ఉగాదికి తిరిగి వచ్చే నాటికి ఆ పిల్లకు బడి పరాయిదైపోతుంది.

ఇదంతా చూచి, పల్లెవారికి ముందుచూపు లేదనే మాట చదువుకున్నవారి నోట తరచుగా వినబడుతుంది. ఆ మాట న్యాయం కాదు. ముందు ఏమున్నదో కనబడితే కదా ముందుచూపు. వచ్చే కార్తీకానికి ఇంట పది మూటలు ఉంటాయా, పది వేల అప్పు ఉంటుందా అనేది జూన్‌లో చెప్పలేని మనిషి, కూతురి పీయూసీ గురించి ఏ లెక్క వేయగలడు?

ఈ సంగతిని శాస్త్రీయంగా పరీక్షించినవారు ఉన్నారు. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, మరి ఇద్దరు పరిశోధకులు తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాలలో 464 మంది చెరకు రైతులను ఎంచుకొని, కోతకు ముందు ఒకసారి, కోత సొమ్ము చేతికి వచ్చిన తరువాత ఒకసారి, ఒకే విధమైన బుద్ధి పరీక్షలు పెట్టారు. బొమ్మల వరుసలో లోపించినదేదో గుర్తించడం వంటివి అవి. 2013లో ప్రకటించిన ఫలితం ఇది. అదే మనిషి, అదే బుద్ధి. ఐనా కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడని రోజులలో, తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. అప్పు, కుదువ, రేపటి బియ్యం అనే మూడు చింతలు తలలో చోటంతా ఆక్రమిస్తే నాలుగవ ఆలోచనకు తావు దొరకదు. పరీక్ష నాటి ఉదయం ఇంట్లో గొడవ జరిగిన పిల్లవాడు తెలిసిన లెక్కను కూడా తప్పు చేస్తాడన్నది ఉపాధ్యాయులకు కొత్త కాదు. పెద్దలకూ అదే వర్తిస్తుందని ఈ పరీక్ష నిరూపించినది.

ఇక బలసముద్రం సంగతి. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల పరిధిలో దాదాపు 13,000 ఎకరాల మీద నేడు విస్తరించి ఉన్న సోలార్ పార్కును చూడనివారు ఈ సభలో ఉండరు. 2015లో దీనికై ఒక సంస్థ ఏర్పడినది. 2018 మార్చి 1న 600 మెగావాట్లతో తొలి దశ ప్రారంభమైనది. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్లు పూర్తయి, ప్రపంచంలోని పెద్ద సోలార్ పార్కులలో ఒకటిగా పేరు పొందినది. ఐతే ఈ ప్రసంగానికి కావలసిన విశేషం మెగావాట్లలో లేదు, ఒప్పంద పత్రంలో ఉన్నది. ఇక్కడ భూమిని ప్రభుత్వం కొనలేదు. రైతుల వద్ద కౌలుకు తీసుకొన్నది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి నూటికి 5 వంతున పెంపు, గడువు 28 సంవత్సరాలు, సొమ్ము రైతు బ్యాంకు ఖాతాకు.

ఇది దానం కాదు, సాయమూ కాదు. రైతు తన భూమిని వదలుకొన్నందుకు పుచ్చుకొనే గుత్త. ఈ భేదాన్ని మరువరాదు. ఐనప్పటికీ, పేద కుటుంబం చేతికి రొక్కం నేరుగా చేరితే ఏమవుతుందనే ప్రశ్నకు ఈ ఐదు గ్రామాలు ఒక జవాబు చెబుతున్నాయి.

మూడెకరాల మెట్ట ఉండి దానిని కౌలుకు ఇచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించండి. తొలి ఏటి కౌలు 63,000. శెనక్కాయ విరగపండిన ఏటి రాబడితో పోలిస్తే ఇది ఎక్కువా తక్కువా అనే వాదం రచ్చబండ మీద ఎన్నటికీ తెగదు. అసలు భేదం మొత్తంలో లేదు. శెనక్కాయ రాబడికి తేదీ లేదు, అంకె లేదు. కౌలుకు రెండూ ఉన్నాయి. అంకె తెలిసిన సొమ్ము మీద మనిషి ముందుగా కూడిక, తీసివేత చేయగలడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చే షావుకారు అప్పు అక్కరలేదు, ఎందుకంటే విత్తనం కొనే పనే లేదు. తాలి బొట్టు కుదువ నుంచి విడిపించుకొనే నెల ఏదో ముందే చెప్పవచ్చు. పెద్దవాడు పావగడలో పీయూసీ ముగించే నాటికి చిన్నది పదవ తరగతికి వస్తుంది, ఆ ఏడు ఖర్చు రెట్టింపు, కనుక గోడ కట్టే పని ఒక ఏడు వెనుకకు జరుపుదాం అని భార్యాభర్తలు అనుకోగలరు. చదువుకున్నవారు ప్రణాళిక అనే పెద్ద మాటతో పిలిచేది దీనినే. అది దీపం ముందర ఇద్దరు కూర్చొని మాట్లాడుకొనే మాట.

అందరూ అట్లే చేశారని కాదు. కొందరు ఇల్లు కట్టారు, కొందరు అప్పు తీర్చారు, కొందరు మోటారు సైకిలు కొని ఆ తరువాత పెట్రోలుకు అప్పు చేశారు. మానవ స్వభావం పావగడలో ఒకటి, ఇతరత్ర మరొకటి కాదు.

ఈ చిత్రానికి నీడ వైపు కూడా చెప్పకపోతే ప్రసంగం అసత్యమవుతుంది. కౌలు సొమ్ము పహణిలో పేరున్నవారికే చేరుతుంది. సెంటు భూమి లేని కూలి కుటుంబానికి పహణి లేదు, కనుక కౌలూ లేదు. కలుపు తీత, కాయ కోత, కాయ వలుపు అనే పనులు పొలాలతోపాటే పోయినవి. గొర్రెల కాపరులకు బీడు పోయినది; మేపు లేక మందలు అమ్ముకొన్నవారి సంగతి పత్రికలు పలుమార్లు రాసినవి. కాపలా, గడ్డి కోత, పలకల శుభ్రత వంటి పనులు కొందరికి దొరికినవి గాని, పోయిన పనికి అవి సరితూగలేదు. భూమి ఉన్న ఇంటిలోనూ తగవు లేకపోలేదు. తాత చనిపోయి పదేళ్లయినా పహణి తాత పేరనే ఉంటే, సొమ్ము ఎవరి ఖాతాకు? అన్నదమ్ముల నడుమ భాగ పరిష్కారం కాకపోతే? భర్త పేరన మాత్రమే భూమి ఉన్నప్పుడు పాస్‌బుక్కులో ఎంత పడినదో ఇల్లాలికి తెలియని ఇళ్లు కూడా ఉంటాయి. తెలియని సొమ్ము మీద ఆమె ఏ లెక్క వేస్తుంది? మూడెకరాల ఇంటి పిల్ల, కూలి ఇంటి పిల్ల ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒక పిల్ల ఇంట్లో ఐదేళ్ల తరువాతి మాట సాగుతున్నది, రెండవ పిల్ల ఇంట్లో ఆదివారం దాకా వచ్చే బియ్యం మాట. ఈ దూరం సోలార్ పలకల వల్ల పుట్టలేదు, అంతకు ముందే ఉన్నది. కానీ అవి దానిని వెడల్పు చేసినవనే చెప్పాలి.

ఈ చోటనే అసలైన రొక్కపు సాయం విలువ తెలుస్తుంది. 2023 ఆగస్టు 30న మైసూరులో ప్రారంభమైన గృహలక్ష్మి పథకం రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా పేరున్న స్త్రీకి నెలకు 2,000 రూపాయలు ఆమె ఖాతాకే చేర్చడానికి ఏర్పడినది. ఆదాయపు పన్ను, జీఎస్టీ కట్టే కుటుంబాలకు వర్తించదు. భూమి ఉన్నదా లేదా అని అడగదు. నెలకు రెండు వేలంటే ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఒక ఎకరం తొలి కౌలు ఎంత? ఇరవై ఒక్క వేలు. అనగా, ఒక్క సెంటూ లేని ఇల్లాలికి కూడా కౌలు వచ్చే ఒక ఎకరం ఉన్నట్లే లెక్క. అది కూడా భర్త పేరన కాదు, ఆమె పేరన. ఈ కూడిక ఎంత చిన్నదో అంత గొప్పది. పీఎం కిసాన్ కింద 2018 డిసెంబరు నుంచి లెక్కించి రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు మూడు వాయిదాలలో ఇవ్వడం మేలే. కానీ దానికి మళ్లీ భూమి ఉండాలి. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 చొప్పున, దుక్కికి ముందే సొమ్ము చేతికి ఇవ్వడం చక్కని ఆలోచన. అక్కడ కూడా పట్టా ఉన్నవారికి అందినది, కౌలుకు దున్నేవారికి అందలేదు.

ఈ సీమవారికి పోలిక చూసుకోవడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. సరిహద్దు దాటితే చెల్లెలి ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైన అమ్మ ఒడి పథకం, పిల్లను బడికి పంపే పేద తల్లికి ఏడాదికి 15,000 ఇచ్చినది. ఎంతమంది పిల్లలున్నా ఒక తల్లికి ఒక్క మొత్తమే. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరిట, ప్రతి బిడ్డకు లెక్కకట్టి, 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 వంతున తల్లి ఖాతాలో వేశారు. పండుగకు కలిసిన అక్కాచెల్లెళ్లు ఒకరి పథకాన్ని ఒకరు లెక్క చూసుకోవడం సహజం. అక్కకు నెలనెలా చిన్న మొత్తం, చెల్లెలికి ఏటా ఒకసారి పెద్ద మొత్తం. ఏది మేలు? బడి దృష్టితో చెప్పవలసి వస్తే, బడి తెరిచే నెలలో చేరే సొమ్మే మేలు. జూన్‌లో ఇచ్చే ఐదు వేలు డిసెంబరులో ఇచ్చే ఎనిమిది వేల కంటె పిల్ల చదువుకు ఎక్కువ పని చేస్తాయి.

చిన్న మొత్తాన్ని పెద్ద మొత్తంగా మార్చుకొనే విద్య ఈ స్త్రీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. దాని పేరు చీటీ. ఇరవై మంది ఇల్లాళ్లు నెలకు వెయ్యి వేస్తే ఒకరికి ఇరవై వేలు. ఇది ఈ దేశపు తెలివి మాత్రమేనని అనుకోరాదు. ఆఫ్రికా ఖండంలోని కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ పల్లె కుటుంబాలకు రొక్కం పంచి పరీక్షించినది. కొన్ని గ్రామాలకు ఒకేసారి పెద్ద మొత్తం, కొన్నింటికి రెండేళ్లపాటు నెలనెలా, కొన్నింటికి పన్నెండేళ్లపాటు నెలనెలా అని ముందే చెప్పి ఇచ్చారు. తొలి రెండేళ్లలో నెలసరి వారికి ఇరువర్గాలకూ అందిన సొమ్ము సమానమే. ఐనా పన్నెండేళ్లని మాట పుచ్చుకొన్నవారు ఎక్కువగా పొదుపు చేశారు, చిన్న వ్యాపారాలు పెట్టారు. చీటీల వంటి సంఘాలలో చేరి నెలసరి సొమ్మును పెద్ద మొత్తంగా మార్చుకొన్నారు. ఈ ఫలితాలు 2023లో వెలువడినవి. సమానమైన డబ్బు, భిన్నమైన ఫలం. భేదం ఎక్కడ? ఇంకా పదేళ్లు వస్తుందనే నమ్మకంలో.

కనుకనే వాయిదా తప్పితే నష్టం ఆ రెండు వేలు మాత్రమే కాదు. గృహలక్ష్మి సొమ్ము కొన్ని నెలలు ఆలస్యమై, తరువాత కలిపి వేసిన సందర్భాలు పత్రికలలో వచ్చినవి. మొత్తం తగ్గలేదు కదా అని కచేరీలో కూర్చున్నవారికి అనిపించవచ్చు. ఐదవ తేదీన చీటీ కట్టవలసిన ఇల్లాలికి అట్లా అనిపించదు. ఆ నెల ఆమె వడ్డీకి తెచ్చి కట్టినది. అంతకంటె పెద్ద నష్టం, ఈ సొమ్మును నమ్మి ఏ లెక్కా వేయరాదని ఆమె నిశ్చయించుకోవడం. అటు తరువాత వచ్చే రెండు వేలు దొరికిన డబ్బువలె ఖర్చవుతాయి, సంపాదించిన డబ్బువలె కాదు.

ఊరక ఇచ్చిన డబ్బు తాగుడుకు పోతుంది, మనిషిని సోమరిని చేస్తుంది అనే ఆక్షేపణ ఒకటి ఎల్లవేళలా ఉన్నది. మధ్యప్రదేశ్‌లో సేవా సంస్థ యూనిసెఫ్ సహాయంతో 2011, 2012 సంవత్సరాలలో కొన్ని గ్రామాలలో షరతు లేకుండా ప్రతి మనిషికీ నెలనెలా రొక్కం ఇచ్చి చూసినది. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100, తరువాత 300, 150. పిల్లల తిండి మెరుగుపడినది, ఆడపిల్లలు బడికి పోవడం పెరిగినది, పెద్దలు పరుల కూలి తగ్గించి తమ సొంత చేలలో పని పెంచారు. తాగుడు పెరగలేదు. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల అధ్యయనాలను కూర్చి చూచినప్పుడు కూడా, రొక్కపు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగిన జాడ కనబడలేదు. తాగే మనిషి ఉన్న ఇల్లు లేదని కాదు. ఐతే నెల జీతం పుచ్చుకొనేవారిని, ఈ డబ్బు ఏం చేస్తారని ఎవరూ అడగరు. రెండు వేలు పుచ్చుకొనే ఇల్లాలిని మాత్రం అందరూ అడుగుతారు.

రొక్కం చేయలేని పనులు కూడా ఉన్నాయి. సాయంత్రం బస్సు లేకపోతే, ఖాతాలో సొమ్ము ఎంత ఉన్నా ఆడపిల్ల పావగడ కళాశాలకు పోలేదు. ఫ్లోరైడు నీటి వల్ల పళ్లు పసుపెక్కిన బిడ్డకు తల్లి ఖాతాలోని డబ్బు శుద్ధి నీటిని తెచ్చిపెట్టదు. లెక్కల ఉపాధ్యాయుని ఖాళీ రెండేళ్లు భర్తీ కాకపోతే ఏ తల్లీ రెండు వేలతో దానిని భర్తీ చేయలేదు. రొక్కం ఇచ్చాము కనుక బడి, బస్సు, నీళ్లు ప్రజలే చూసుకోవాలని ఏ ప్రభుత్వమైనా తలచితే, కుడి చేత ఇచ్చి ఎడమ చేత తీసుకొన్నట్లే.

సోలార్ కౌలు పుచ్చుకొంటున్న కుటుంబాలకు ప్రత్యేకించి ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. ఇది ఎనిమిదవ తరగతి పిల్లలు చేయగల చక్రవడ్డీ లెక్క. కౌలు రెండేళ్లకు నూటికి 5 పెరుగుతుంది, అనగా ఏడాదికి సుమారు రెండున్నర. దేశంలో ధరల పెరుగుదలను ఏడాదికి 4 శాతం దగ్గర ఉంచాలని రిజర్వు బ్యాంకుకు 2016లో లక్ష్యం పెట్టారు. ఆ లక్ష్యం మేరకే ధరలు పెరిగినా, కౌలు అంకె పెరుగుతూ ఉండగానే దానితో కొనగలిగే బియ్యం తగ్గుతూ పోతుంది. ఒప్పందం ముగిసే నాటికి తొలి ఏటి సొమ్ముకు మూడింట రెండు వంతుల విలువే మిగులుతుంది. 21,000 రూపాయలు 14,000 రూపాయల పని చేస్తాయి. ఇది ఎవరినీ భయపెట్టడానికి చెప్పినది కాదు. పెరుగుతున్న అంకెను చూచి సంపద పెరుగుతున్నదని భ్రమపడకుండా ఉండటానికి చెప్పినది.

రెండవ లెక్క ఇంకా సులువు. ఒప్పందం మీద సంతకమైన ఏడు పుట్టిన బిడ్డకు, అది ముగిసే నాటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ బిడ్డలు ఈనాడు ప్రాథమిక తరగతుల బెంచీల మీద ఉన్నారు. భూమి తిరిగి ఇంటికి వచ్చే రోజున దానిని అందుకొనేది వారి చేతులే. దుక్కి చూడని, విత్తనం పట్టని ఆ చేతులకు అప్పుడు మూడెకరాల నేల ఏమి చేయాలో తెలియకపోవచ్చు. కనుక ఈ ఇరవై ఎనిమిదేళ్ల కౌలులో ఒక భాగం ఆ చేతులకు మరొక విద్య కొనిపెట్టడానికి పోవాలి. అది ఐటీఐ కావచ్చు, నర్సు శిక్షణ కావచ్చు, సోలార్ పలకల మరమ్మతే కావచ్చు. ఇంటి ముందే 2,050 మెగావాట్ల కార్యాగారం ఉండగా, దానిలో ఇంజనీరు పని బయటి ఊరివారికి, గడ్డి కోత ఈ ఊరివారికి అనే ఏర్పాటు ఇంకా ఇరవై ఏళ్లు సాగనవసరం లేదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. 2006 మార్చి 31 తరువాత పుట్టిన పేద కుటుంబాల ఆడపిల్లలకు కర్ణాటక ప్రభుత్వం భాగ్యలక్ష్మి బాండు ఇచ్చినది. పద్దెనిమిదేళ్లు నిండే వరకు పెళ్లి చేయరాదు, ఎనిమిదవ తరగతి వరకైనా చదివించాలి అనే షరతులు అందులో ఉన్నాయి. 2024 నుంచి ఆ బాండ్లు పక్వానికి వస్తున్నాయి. పెట్టెలో చీర మడతల నడుమ దాచిన ఆ కాగితాన్ని పెళ్లి ఖర్చు కాగితంగా తలచే ఇళ్లు అనేకం. పద్దెనిమిదేళ్లు అనేది పెళ్లికి కనిష్ఠ వయస్సు. పీయూసీ ముగిసి పై చదువు రుసుము కట్టవలసిన వయస్సు కూడా అదే. ఏ పనికి వాడాలో ఆ పిల్లనూ అడిగి నిర్ణయించడం న్యాయం.

చివరగా బడి వైపు నుంచి జరగవలసిన ఒక పని. రొక్కపు సాయం ఆగిపోవడానికి పెద్ద కారణాలు ఎన్ని ఉన్నా, ఈ సరిహద్దు సీమలో ఒక చిన్న కారణం తరచుగా ఎదురవుతుంది. అది పేరు. తెలుగు మాధ్యమం బడి దాఖలా పుస్తకంలో పిల్ల పేరు తెలుగులో, ఇంటిపేరు ముందు పెట్టి రాస్తారు. రేషన్ కార్డులో కన్నడంలో, ఇంటిపేరు లేకుండా ఉంటుంది. ఆధార్‌లో ఇంగ్లీషులో, తండ్రి పేరు మొదటి అక్షరం చివరకు చేరి ఉంటుంది. మూడు కాగితాలు, మూడు పేర్లు, ఒకే పిల్ల. బ్యాంకు యంత్రానికి ఆమె ముగ్గురు. విద్యార్థి వేతనం వెనుకకు పోతుంది, బాండు సొమ్ము నిలిచిపోతుంది, తల్లి రెండు దినాల కూలి వదలుకొని తాలూకా కచేరీ చుట్టూ తిరుగుతుంది.

కావున జూబిలీ ఉత్సవాలు ముగిసిన మరుసటి సోమవారం నుంచి పాఠశాల కార్యాలయంలో, మధ్యాహ్నం మూడు గంటల తరువాత, దాఖలా పుస్తకంలోని పేర్లను ఇతర కాగితాలతో సరిచూసే ఏర్పాటు జరిగినది. ఐదవ, ఎనిమిదవ, పదవ తరగతుల పిల్లల తల్లిదండ్రులు మొదట రావాలి. రేషన్ కార్డు, ఆధార్, తల్లి పేరన ఉన్న పాస్‌బుక్కు వెంట తెచ్చుకోవాలి. భాగ్యలక్ష్మి బాండు ఉన్నవారు అది కూడా తీసుకొని రావాలి. తల్లి పేరన ఖాతా లేనివారు ఆ సంగతి అక్కడ చెప్పడానికి సంకోచించనక్కరలేదు. కన్నడ అర్జీలు రాయడంలో సహాయం చేయడానికి పూర్వ విద్యార్థులలో ఎవరైనా ముందుకు వస్తే, వారు సభ ముగియగానే కార్యాలయంలో పేరు ఇచ్చి పోగలరు.